లేచి నిలబడి, మళ్లీ స్టాండింగ్ ఓవేషనా?

సంపాదకులకు నమస్కారం.

"ప్రేక్షకులంతా సీట్లలోంచి లేచి నిలబడి స్టాండింగ్ ఓవేషన్ ఇచ్చారు." ఇలాంటి వాక్యం మీ సినిమా పేజీలో తరచూ కనిపిస్తోంది, ఈ మధ్య క్రీడల పేజీలోకి, రాజకీయ వార్తల్లోకి కూడా పాకింది. స్టాండింగ్ అంటేనే నిలబడి అని. లేచి నిలబడ్డాక మళ్లీ ఆ మాట ఎందుకు? డెస్క్‌లో ఎవరో ఒకరు రెండు మాటలు కొట్టేస్తే సరిపోయే సంగతి ఇది, దీనికోసమే అయితే నేను ఇంత ఉత్తరం రాసేవాణ్ని కాదు. నా అసలు బాధ వేరే. ఆ వార్తలు చదివినప్పుడు హాల్లో నిజంగా ఏం జరిగిందో అర్థం కావడం లేదు. జనం మర్యాదకి నాలుగు చప్పట్లు కొట్టినా స్టాండింగ్ ఓవేషనే, ముఖ్య అతిథి లోపలికి వస్తుంటే లేచి నిలబడినా స్టాండింగ్ ఓవేషనే, సినిమా అయిపోయి అందరూ బయటికి వెళ్లడానికి లేస్తూ చప్పట్లు కొట్టినా అదే. మాట పెద్దది కదా, ఏ వార్తకైనా బరువొస్తుంది అనుకుంటున్నట్టున్నారు.

ముందు మాట సంగతి చూద్దాం. ఇంగ్లిష్‌లో అప్లాజ్ అంటే మామూలు చప్పట్లు. ఉపన్యాసం బాగున్నా కొడతాం, బాగోకపోయినా ఎలాగోలా ముగిసిందని కొడతాం, అన్నీ అప్లాజ్ కిందికే వస్తాయి. ఓవేషన్ అలా కాదు. జనం ఉప్పొంగిపోయి, ఎవరూ చెప్పకుండా, ఇక చాల్లే అని ఆపకుండా కొట్టే చప్పట్లు అవి. అందులో కేకలు ఉండొచ్చు, ఈలలు ఉండొచ్చు. ఇంకో సంగతి చాలామంది గమనించరు. ఓవేషన్‌కి నిలబడి తీరాలన్న రూలేమీ లేదు. కూర్చున్నచోటే హాలు దద్దరిల్లేలా చప్పట్లు కొడితే అదీ ఓవేషనే, సీట్లలోంచి లేస్తేనే దాని ముందు స్టాండింగ్ చేరుతుంది. మన దగ్గర ఆ రెండు మాటలూ ఎంత అతుక్కుపోయాయంటే స్టాండింగ్ లేకుండా ఉత్త ఓవేషన్ అని ఏ వార్తలోనూ చదివిన గుర్తు లేదు నాకు.

ఈ తేడా పట్టుకుంటే ఇంకోటి తేలిగ్గా తెలుస్తుంది. చప్పట్లు అడగొచ్చు. యాంకర్ మైకు పట్టుకుని "ఒక్కసారి గట్టిగా చప్పట్లు" అంటే తప్పేం లేదు, అది సభ నడిపే పద్ధతి, ఇంగ్లిష్‌లో కూడా రౌండ్ ఆఫ్ అప్లాజ్ అని అడుగుతారు. కానీ "స్టాండింగ్ ఓవేషన్ ప్లీజ్, అందరూ లేవండి" అని అడిగి లేపితే దాన్ని ఓవేషన్ అనడానికి నాకు మనసొప్పదు. చెయ్యి పట్టుకుని లేపినట్టే కదా. పక్కవాళ్లు లేచారు, మనం కూర్చుంటే బాగోదు అని మొహమాటంతో లేచినవాళ్లే అక్కడ ఎక్కువ. తర్వాత రోజు వార్తలో మాత్రం "సభికులు స్టాండింగ్ ఓవేషన్‌తో అభినందించారు" అని వస్తుంది. యాంకర్ అడిగిన ముక్క మాత్రం ఉండదు. అసలు వార్త ఆ ముక్కలోనే ఉందని నాకు అనిపిస్తుంది.

అతిథి వేదిక ఎక్కుతుంటే లేచి నిలబడటం కూడా ఇలాంటిదే. అది మర్యాద. కోర్టులో జడ్జి వస్తే లేస్తాం, తరగతిలో మాస్టారు వస్తే లేస్తాం, దాన్ని ఎవరూ ఓవేషన్ అనరు. అలాగని మనిషి ఇంకా ఏమీ చెయ్యకముందే ఓవేషన్ రాకూడదని కాదు. 1948 ఆగస్టు 14న లండన్‌లోని ఓవల్ మైదానంలో ఆస్ట్రేలియా బ్యాటర్ డాన్ బ్రాడ్‌మన్ చివరి టెస్టు ఇన్నింగ్స్‌కి దిగుతుంటే జనమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, ఇంగ్లండ్ ఆటగాళ్లు పిచ్ దగ్గర చేరి ఆయనకి మూడుసార్లు జేజేలు పలికారు. ఆయన ఇంకా ఒక్క బంతి కూడా ఆడలేదు. ఆ తర్వాత ఎరిక్ హోలీస్ వేసిన రెండో బంతికే సున్నాకి బౌల్డ్ అయిపోయాడు, నాలుగు పరుగులు చేసుంటే ఆయన మొత్తం టెస్టుల సగటు సరిగ్గా వంద అయ్యేది. అయినా ఆ చప్పట్లు వృథా పోయాయని ఎవరూ అనలేదు, ఎందుకంటే అవి ఆ ఇన్నింగ్స్ కోసం కొట్టినవి కావు, ఇరవై ఏళ్ల ఆటకి కొట్టినవి. అతిథి హాల్లోకి అడుగుపెట్టగానే జనం లేచారంటే, అది కుర్చీకా మనిషికా అన్నది విలేకరి ఒక్క వాక్యంలో చెప్పగలడు.

ఈ మాట పుట్టిన చోటు చూస్తే నాకు నవ్వొస్తుంది. ఇప్పుడు మనం దీన్ని అన్నిటికంటే పెద్ద గౌరవంగా వాడుతున్నాం గానీ, రోమ్‌లో ఇది రెండో రకం గౌరవం. పెద్ద యుద్ధం గెలిచిన సేనానికి ట్రయంఫ్ అని ఊరేగింపు ఉండేది, నాలుగు గుర్రాల రథం మీద, నెత్తిన లారెల్ ఆకుల కిరీటంతో నగరంలోకి వచ్చేవాడు. గెలుపు అంత గొప్పది కాదని సెనేట్ అనుకుంటే ఒవాషియో ఇచ్చేవారు, మన ఓవేషన్ దాన్నుంచే వచ్చింది. అందులో రథం ఉండదు, కాలినడకన రావాలి, తర్వాతి రోజుల్లో గుర్రం మీద రానిచ్చారు. లారెల్ బదులు మర్టిల్ ఆకుల కిరీటం, బాకాల బదులు పిల్లనగ్రోవులు. ట్రయంఫ్‌లో ఎద్దుని బలి ఇస్తే ఇందులో గొర్రెతో సరిపెట్టేవారని ఆ కాలపు చరిత్రకారుడు ప్లూటార్క్ రాశాడు. క్రీస్తు పూర్వం 71లో స్పార్టకస్ బానిసల తిరుగుబాటుని అణిచిన సేనాని క్రాసస్‌కి దక్కింది ఈ చిన్న గౌరవమే, బానిసల మీద గెలుపు గెలుపా అన్నది అప్పటి రోమన్ల లెక్క. ఆయన మాత్రం పట్టుబట్టి సెనేట్ చేత ప్రత్యేకంగా తీర్మానం చేయించుకుని మర్టిల్ బదులు లారెల్ కిరీటం పెట్టుకున్నాడు. అంటే ఇచ్చిన ఓవేషన్ చాలక దాన్ని పెద్దది చేసి చూపించుకునే అలవాటు ఇప్పటిది కాదన్నమాట, మన పీఆర్ వాళ్లని మరీ తిట్టక్కర్లేదు. ఇంగ్లిష్‌లోకి ఈ మాట మొదట ఆ రోమన్ ఊరేగింపు అర్థంతోనే వచ్చింది, జనం కొట్టే చప్పట్లు అన్న అర్థం 19వ శతాబ్దంలో గానీ స్థిరపడలేదు.

సరే, జనం అసలు ఎలా లేస్తారు? దీని మీద ఏకంగా శాస్త్రవేత్తలే బుర్ర బద్దలు కొట్టుకున్నారు. జాన్ మిల్లర్, స్కాట్ పేజ్ అనే ఇద్దరు 2004లో దీన్ని ఒక లెక్కగా వేసి చూశారు, దానికి పెట్టిన పేరే స్టాండింగ్ ఓవేషన్ ప్రాబ్లమ్. అందులో నాకు బాగా నచ్చిన సంగతి సీట్ల గురించి. ముందు వరసలో కూర్చున్నవాడికి వెనక ఎవరు లేచారో కనపడదు, కానీ వాడు లేస్తే హాలంతా చూస్తుంది. చివరి వరసవాడికి అందరూ కనపడతారు, కానీ వాడు లేచినా కూర్చున్నా ఎవరికీ పట్టదు. కాబట్టి ముందు రెండు వరసలు లేస్తే చాలు, వెనకవాళ్లకి వేదిక కనపడదు కాబట్టి వాళ్లూ లేవాల్సిందే. నచ్చి లేచారా, అడ్డం వచ్చి లేచారా అన్నది ఎవరు తేలుస్తారు? సినిమా ఫంక్షన్లలో, పార్టీ సభల్లో ఆ ముందు వరసల్లో కూర్చునేది ఎవరో మీకు నేను చెప్పక్కర్లేదు.

చప్పట్ల నిడివి సంగతీ అంతే. స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2013లో విద్యార్థులకి ప్రసంగాలు వినిపించి చప్పట్లని వీడియో తీసి చూస్తే, అవి గదిలో అంటువ్యాధిలా పాకుతాయని తేలింది. ఒకరిద్దరు మొదలుపెడితే మిగతావాళ్లు అందుకుంటారు, ఒకరిద్దరు ఆపితే మిగతావాళ్లు ఆపుతారు. ప్రసంగం ఎంత బాగుందన్నదానికీ, చప్పట్లు ఎంతసేపు సాగాయన్నదానికీ పెద్దగా సంబంధం లేదట. అంతకుముందు 2000లో రొమేనియా, హంగరీ థియేటర్లలో రికార్డు చేసి ఇంకో బృందం నేచర్ పత్రికలో రాసింది మరీ తమాషాగా ఉంటుంది. మొదట చప్పట్లు చిందరవందరగా, పెద్ద హోరుగా ఉంటాయి. కాసేపటికి అందరి చేతులూ ఒకే తాళంలో పడతాయి, అలా పడాలంటే ప్రతివాడూ వేగం దాదాపు సగానికి తగ్గించాలి. తగ్గిస్తే హోరు తగ్గుతుంది, అది చాలక మళ్లీ వేగం పెంచుతారు, తాళం చెదిరిపోతుంది. ఇలా కలుస్తూ విడిపోతూ సాగుతుంది. ఈసారి ఏదైనా మంచి కచేరీకి వెళ్తే చివర్లో చెవి పెట్టి వినండి, ఈ సంగతి తెలిశాక చప్పట్లు కొట్టడం మానేసి వింటూ కూర్చుంటారు.

ఇంత గొడవ ఉన్న విషయాన్ని మనం నిమిషాల్లో కొలిచి శీర్షికలు పెడుతున్నాం. ఫ్రాన్స్‌లో కాన్ చిత్రోత్సవం జరిగే రోజుల్లో చూడండి, ఏ సినిమాకి ఎన్ని నిమిషాలు అన్నదే వార్త. 2006లో ఒక స్పానిష్ సినిమాకి 22 నిమిషాలు కొట్టారని ఇప్పటికీ చెప్పుకుంటారు. కానీ అక్కడ జరిగేదేమిటి? సినిమా తీసినవాళ్లు, నటించినవాళ్లు అదే హాల్లో ప్రేక్షకుల మధ్యే కూర్చుని ఉంటారు. లైట్లు వెలగ్గానే కెమెరా వాళ్ల దగ్గరికి వస్తుంది, ఒక్కొక్కరి మొహం పెద్ద తెర మీద పడుతుంది, పడ్డప్పుడల్లా చప్పట్లు మళ్లీ లేస్తాయి. ఎదురుగా కన్నీళ్లు పెట్టుకుంటున్న మనిషిని చూస్తూ చేతులు కిందికి దించడానికి ఎవరికి మాత్రం మనసొస్తుంది. తారాగణం పెద్దదైతే నిమిషాలు పెరుగుతాయి, అంతే. ఆ లెక్కని పట్టుకొచ్చి "అయిదు నిమిషాలే వచ్చింది, నిరాశే" అని రాస్తారు చూడండి, అక్కడే ఒళ్లు మండుతుంది. అయిదు నిమిషాలు ఆపకుండా చప్పట్లు కొట్టి చూడమనండి రాసినవాళ్లని, అరచేతులు ఎర్రబడిపోతాయి.

నిమిషాలకి అర్థం ఉన్న చోటు లేకపోలేదు. 1991లో వియన్నాలో గాయకుడు ప్లాసిడో డొమింగో ఒథెల్లో అనే ఆపెరా (పాటల నాటకం) పాడి ముగించాక 80 నిమిషాలు చప్పట్లు మోగాయి, 101 సార్లు తెర ముందుకి వచ్చి నమస్కరించాల్సి వచ్చింది. అది గిన్నిస్ రికార్డుల్లో ఉంది. ఆపెరాలో గాయకుడు లోపలికి వెళ్లిపోతాడు, జనం ఆపకపోతే మళ్లీ రావాలి. అంటే ప్రతిసారీ ఇంటికి వెళ్లే అవకాశం ఉండి కూడా వెళ్లలేదు వాళ్లు. కెమెరా చూస్తోందని నిలబడటానికీ దీనికీ పోలిక లేదు.

డబ్బులిచ్చి కొట్టించుకోవడం గురించి ఎక్కువ చెప్పను. నీరో చక్రవర్తి తను పాడుతుంటే చప్పట్లు కొట్టడానికి అయిదు వేల మందికి పైగా కుర్రాళ్లని పెట్టుకున్నాడని రోమన్ చరిత్రకారుడు సూటోనియస్ రాశాడు, వాళ్లకి చప్పట్లలో రకరకాల బాణీలు నేర్పించి తేనెటీగలు, పెంకులు, ఇటుకలు అని పేర్లు కూడా పెట్టారు. 19వ శతాబ్దపు పారిస్ థియేటర్లలో ఇదొక వ్యాపారం, నవ్వడానికి ఒకరు, రుమాలు పెట్టుకుని ఏడవడానికి ఒకరు, మళ్లీ పాడమని అరవడానికి ఇంకొకరు. ఇప్పుడు ఆ పని ప్రెస్ నోట్ చేస్తోంది, మనుషుల ఖర్చు కూడా లేదు.

ఇన్ని అంటున్నాను గానీ నాకు ఈ మాట మీద కోపం లేదు. దానికి తగ్గ సందర్భాలు ఉన్నాయి. 1999 జనవరి 31న చెన్నై చేపాక్‌లో పాకిస్తాన్‌తో టెస్టు. 271 పరుగులు కొట్టాలి, నడుం నొప్పితో ఆడుతూ సచిన్ 136 చేసి అవుటయ్యాడు, ఆ వెంటనే మిగతా వికెట్లు కూలిపోయి 258కే ఆట అయిపోయింది. 12 పరుగుల తేడాతో ఓడిపోయాం. అంత దగ్గరికొచ్చి, అదీ పాకిస్తాన్ చేతిలో ఓడిన మైదానంలో కాసేపు చడీచప్పుడు లేదు. అప్పుడు జనం లేచారు, గెలిచిన పాకిస్తాన్ జట్టు కోసం. ఆ ఆటగాళ్లు మైదానం చుట్టూ తిరుగుతుంటే స్టేడియమంతా నిలబడి చప్పట్లు కొట్టింది. లేవమని ఎవరూ అడగలేదు, లేవకపోతే తప్పుపట్టేవాళ్లూ లేరు, మనసు చివుక్కుమన్న క్షణంలో కూడా లేచారు. స్టాండింగ్ ఓవేషన్ అన్న మాటకి అర్థం అడిగితే నేను దీన్నే చూపిస్తాను.

చప్పుడు వినపడనివాళ్లకి ఇచ్చే ఓవేషన్ కూడా ఒకటుంది. 1824 మే 7న వియన్నాలో సంగీతకారుడు బీథోవెన్ కూర్చిన తొమ్మిదో సింఫనీ మొదటిసారి వాయించారు. ఆయనకి అప్పటికే చెవులు వినపడవు, ప్రేక్షకులకి వీపు పెట్టి వాద్యబృందం వైపే చూస్తున్నాడు. వెనక హాలు హోరెత్తిపోతుంటే ఆయనకి తెలియలేదు. పాటగత్తె కరోలిన్ ఉంగర్ వచ్చి ఆయన్ని పట్టుకుని జనం వైపు తిప్పింది. వాళ్లు టోపీలు, చేతిరుమాళ్లు గాల్లో ఊపుతూ కనపడ్డారు. వినపడని మనిషికి కనపడేలా కొట్టిన చప్పట్లు అవి. ఇప్పుడు బధిరుల సభల్లో రెండు చేతులూ పైకెత్తి ఆడించడమే చప్పట్లు కింద లెక్క. దాన్ని వార్తగా రాసేటప్పుడు కరతాళ ధ్వనులతో మార్మోగింది అని రాయకుండా చూసుకోవాలి, నవ్వుకి కాదు, నిజంగానే చెబుతున్నా.

ఇంకో మంచి ఉదాహరణ, మీరే ప్రతి సెప్టెంబర్‌లో వేస్తారు. 1893 సెప్టెంబర్ 11న చికాగోలో వివేకానందుడు సోదర సోదరీమణులారా అనగానే సభంతా చప్పట్లతో నిండిపోయింది. రెండు నిమిషాల పాటు చెవులు గింగురుమనేలా మోగాయని ఆయనే తన శిష్యుడు అళసింగ పెరుమాళ్‌కి రాసిన ఉత్తరంలో చెప్పుకున్నాడు. రెండు నిమిషాలు! ఇప్పటి కాన్ లెక్కలో అయితే అది ఫ్లాపు.

రాజకీయ వార్తలకి వద్దాం. అమెరికా అధ్యక్షుడు కాంగ్రెస్‌లో ప్రసంగించినప్పుడు ఎన్నిసార్లు స్టాండింగ్ ఓవేషన్ వచ్చిందని లెక్కపెట్టి రాస్తారు. ఆ వీడియో ఒకసారి చూడండి. హాలు సగం లేస్తుంది, మిగతా సగం చేతులు కట్టుకుని కూర్చుంటుంది. సొంత పార్టీ వాళ్లు లేవడం వార్తా? అవతలి పార్టీలోంచి ఎవరైనా లేచారా అన్నది వార్త. బ్రిటన్ పార్లమెంటులో చప్పట్లు కొట్టడం ఆనవాయితీయే కాదు, హియర్ హియర్ అంటారంతే. అలాంటి సభలో 2007 జూన్ 27న టోనీ బ్లెయిర్ ప్రధానిగా చివరిసారి ప్రశ్నలకి జవాబులిచ్చి వెళ్తుంటే ప్రతిపక్షం సహా లేచి చప్పట్లు కొట్టారు. రూలు తెలిసి కూడా కొట్టారు కాబట్టి దానికి విలువ.

ఇక రాతలో దొర్లుతున్నవి. ఓవియేషన్ కాదు, ఓవెషన్ కాదు, ఓవేషన్, పలికేటప్పుడు వే దగ్గర నొక్కు. ఓవేషన్ చేశారు, ఓవేషన్ కొట్టారు అని రాస్తున్నారు, ఇది క్రియ కాదు, ఇస్తారు, అందుకుంటారు. ఒక్క మనిషి ఇచ్చేది కాదు, గుంపు ఇచ్చేది, కాబట్టి "దర్శకుడికి హీరో స్టాండింగ్ ఓవేషన్ ఇచ్చాడు" అంటే హీరో లేచి చప్పట్లు కొట్టాడని రాస్తే చాలు. విమర్శకులు రివ్యూల్లో మెచ్చుకుంటే అది ప్రశంస, "విమర్శకుల స్టాండింగ్ ఓవేషన్" అంటే వాళ్లు నిలబడి రివ్యూలు రాశారేమో అనిపిస్తుంది. మొదట్నుంచీ నిలబడే ఆట చూస్తున్న గ్యాలరీ జనానికి కూడా స్టాండింగ్ అని తగిలించక్కర్లేదు. మన హర్షధ్వానాలకి ఏమొచ్చిందో కూడా నాకు తెలీదు, ఉత్త ఓవేషన్‌కి సరిగ్గా అతికినట్టు సరిపోయే మాట అది, ఇంగ్లిష్ మాట వాడొద్దని నేననను గానీ దాన్ని మరీ మూలన పడేశారు.

చివరిగా ఒక్కటి అడుగుతాను. మీ విలేకరి ఆ హాల్లో ఉంటే, ఎవరు ముందు లేచారు, యాంకర్ అడిగాక లేచారా అడక్కుండానే లేచారా అన్నది ఒక్క వాక్యంలో రాయించండి. హాల్లో లేకపోతే, నిర్మాతలు పంపిన ప్రెస్ నోట్‌లో అలా ఉందని రాయండి, స్టాండింగ్ ఓవేషన్ అన్నది వాళ్ల మాట అని మాకు తెలుస్తుంది.

ఇట్లు,
మీ పాఠకుడు